ఆకాశమున కనబడిన వింత

ఇబ్రహీంపట్నము దాపున శేరిగూడలో ఒక రైతు వేకువనే పొలమునకు పోవుచున్నాడనుకొందము. నేలపై ఇంకను చీకటి. ఆకాశమున తెల్లని గోళమొకటి వెలుగుచున్నది. అది చుక్క కాదు, విమానమును కాదు. అతడేమని తలపవలెను?

ఈ ప్రశ్నయే ఒకప్పుడు అమెరికా ప్రభుత్వమును కలవరపెట్టినది. 1947లో ‘ఎగిరే పళ్లెములు’ కనబడినవని వార్తలు వెల్లువగా రాగా, ఆ దేశపు వైమానిక దళము రహస్య విచారణకు పూనుకొనెను. దానికి మొదట ‘సైన్’, పిదప ‘గ్రడ్జ్’, 1952 నుండి ‘బ్లూ బుక్’ అని పేళ్లు. 1969లో విచారణ ముగియునాటికి చేరిన సమాచారములు 12,618. వానిలో తేలనివి 701. తేలనిదన్నంత మాత్రమున అన్యగ్రహవాసుల వాహనమని అర్థము కాదు. అది యేమో గుర్తింపబడలేదనియే.

అయినను జనుల సందేహము తీరలేదేల? 1948 జనవరి 7న కెంటకీ రాష్ట్రమున థామస్ మాంటెల్ అను వైమానికుడు అట్టి వస్తువును వెంబడించి, ప్రాణవాయువు చాలని యెత్తునకు పోయి, విమానము కూలి మరణించెను. అతడు చూచినది శుక్రగ్రహమని అధికారులు మొదట చెప్పిరి. అది నౌకాదళము వారి ‘స్కైహుక్’ బెలూను అయి యుండవచ్చునని తరువాతి పరిశీలకుల అభిప్రాయము. అప్పటికా బెలూనుల సంగతి రహస్యము. ఒక శాఖ దాచినదానిని మరియొక శాఖ వెదకుచుండెనన్నమాట! 1947లో రాస్‌వెల్ వద్ద దొరకిన శకలములును, సోవియట్ అణుపరీక్షలను పసిగట్టుటకై పంపిన రహస్య బెలూనువేనని వైమానిక దళము ప్రకటించుసరికి 1994 వచ్చినది. ఆలోగా అనుమానములు వేళ్లూనినవి.

బ్లూ బుక్ మూతపడిన 1969లోనే మన హైదరాబాదున టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూను కేంద్రమును నెలకొల్పినది. పలుచని పాలిథిన్ పొరతో చేసిన సంచిలో హైడ్రోజను నింపి, పరికరములతో ముప్పది కిలోమీటర్లకు పైబడిన యెత్తునకు పంపుదురు. అంత యెత్తున సూర్యకాంతి ముందుగా సోకును గనుక, మనకు తెల్లవారకమునుపే బెలూను మెరయును. పని ముగిసిన పిమ్మట పరికరములు పారాచూటుతో ఏ చేనిలోనో దిగును. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో అట్లు దిగిన గుండ్రని గదివంటి వస్తువును చూచి జనము విస్తుపోయి గుమిగూడిరి. అది స్పెయిన్ సంస్థ యొకటి పరీక్షార్థము పంపిన యాత్రికుల గది నమూనా.

ఈ కేంద్రము వారు పరికరములు దిగదగిన జిల్లాల పేళ్లను పత్రికలలో ముందుగా ప్రకటించి, దొరకినవారు వానిని తాకక పోలీసులకు తెలుపుడని కోరుదురు. ఆ ప్రకటన చెవినబడిన రైతు వేకువ వెలుగును చూచి బెదరడు. దిగినదానిని కాచి కబురంపును. అచ్చట మాటుపెట్టిన బెలూను పుకారులను పుట్టించినది. ఇచ్చట చాటిచెప్పిన బెలూను ఆ రైతునే శాస్త్రమునకు సహాయకునిగా చేసినది.