వ్యవసాయ విమానాలు: తక్కువ ఎత్తు నిబంధనలు (అమెరికా)

పంటలపై మందు చల్లే విమానం నేలకు సుమారు 10 అడుగుల ఎత్తునే ఎగురుతుంది. పైనుంచి చల్లితే మందు గాలికి కొట్టుకుపోయి పక్క చేలో పడుతుంది. మామూలు విమానాలు ఊళ్ల మీద, 2,000 అడుగుల పరిధిలోని అత్యంత ఎత్తైన అడ్డంకికన్నా 1,000 అడుగులు పైన ఉండాలి. జనసమ్మర్దం లేని చోట 500 అడుగులు చాలు.

ఫెడరల్ విమానయాన నిబంధనల్లోని 137వ భాగం వ్యవసాయ విమానాలకు ఇందులో సడలింపు ఇచ్చింది. జనసమ్మర్దం లేని చోట మందు చల్లుతున్నప్పుడు, అందుకు అవసరమైన మేరకు చేలోకి దిగి, పైకి లేచి, మలుపు తిరిగేటప్పుడు మనుషులకు, ఇళ్లకు 500 అడుగులకన్నా దగ్గరగా రావచ్చు. కింద ఎవరికీ, దేనికీ ప్రమాదం కలగకూడదన్నదే షరతు. పొరుగువారి కప్పు మీదుగా మలుపు తిరిగినంత మాత్రాన అది ఉల్లంఘన కాదు. ఫిర్యాదుదారులు తరచూ మరిచే సంగతి ఇదే. జనావాసాల మీదైతే స్థానిక అధికారుల లిఖితపూర్వక అనుమతి, ప్రజలకు ముందస్తు ప్రకటన తప్పనిసరి.

మరి భూమిపైన ఆకాశం ఎవరిది? నార్త్ కరొలైనాలో కాజ్‌బీ దంపతుల కోళ్లఫారం మీదుగా 83 అడుగుల ఎత్తున సైనిక విమానాలు వెళ్లేవి. బెదిరిన కోళ్లు గోడలకు కొట్టుకుని సుమారు 150 చచ్చాయి. ఆకాశమంతా భూయజమానిదన్న పాత సూత్రాన్ని సుప్రీంకోర్టు 1946లో తోసిపుచ్చినా, నేలను అనుభవించడానికి అవసరమైన మేర పైభాగం అతనిదేనంటూ పరిహార హక్కును గుర్తించింది.

ఎత్తుపై ఫిర్యాదులు ఫెడరల్ విమానయాన సంస్థ చూస్తుంది. మందు పక్క చేలో పడితే సాధారణంగా రాష్ట్ర వ్యవసాయ శాఖకు చెప్పుకోవాలి.