కార్డు లేని కంప్యూటర్‌లో ఆట

2003 ప్రాంతంలో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నేను సిస్టమ్‌లు అసెంబుల్ చేసేవాణ్ణి. సీటీసీ అంటేనే జనానికి తెలిసేది. ఇంజినీరింగ్‌లో చేరిన కొడుకును వెంటబెట్టుకుని తండ్రులు వచ్చేవాళ్లు. కొటేషన్ చదువుతూ గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఆగేవాళ్లు. ‘‘ఇది లేకుంటే సీ, జావా నేర్చుకోలేడా?’’ అని అడిగేవాళ్లు. ‘‘నేర్చుకుంటాడు సార్’’ అనడమే ఆలస్యం, కార్డు మీద గీత పడేది. తర్వాత ఆ కొడుకు ఒక్కడే వచ్చేవాడు. ‘‘అన్నా, వైస్ సిటీ గేమ్ ఆగి ఆగి నడుస్తుంది. ఏమన్న చెయ్యి.’’ అలా ఏదో ఒకటి చెయ్యడమే మా పనిలో ఓ భాగమైపోయింది.

మదర్‌బోర్డులోనే గ్రాఫిక్స్ పెట్టడం అప్పటికి కొత్తేమీ కాదు. ఇంటెల్ 1998లో ఐ740 అనే విడి గ్రాఫిక్స్ చిప్ తెచ్చింది. అది మార్కెట్లో నిలబడలేదు. ఆ పరిజ్ఞానాన్నే 1999లో 810 చిప్‌సెట్‌లో కలిపేసింది. 810 బోర్డుకి గ్రాఫిక్స్ కార్డు గుచ్చే ఏజీపీ స్లాట్ ఉండేది కాదు కాబట్టి ఆ రకం కార్డు తర్వాత కొందామన్నా దారి లేదు. 2002లో వచ్చిన 845జీలో స్లాట్ ఉంది. అయితే ధర తగ్గించడానికి 845జీవీ అని ఇంకోటి కూడా వచ్చింది. చివర ‘వీ’ ఉంటే స్లాట్ లేనట్టే. తక్కువ ధర కొటేషన్లలో ఎక్కువగా కనిపించేది ఈ ‘వీ’ బోర్డే. కొనేవాళ్లలో దాన్ని గమనించేవాళ్లు తక్కువ.

అసలు ఇబ్బంది ఏమిటంటే, ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు. సిస్టమ్ ర్యామ్‌లోంచే వాడుకోవాలి. ఒకే బోరు కింద రెండు పొలాలు పారించినట్టు, ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్‌కీ అదే ర్యామ్ దిక్కు. డీడీఆర్266 ర్యామ్‌తో 845జీకి సెకనుకు అందేది 2.1 జీబీ. 2003లో వచ్చిన 865జీ ఒకేసారి రెండు ఛానెళ్లలో డీడీఆర్400 ర్యామ్‌ని వాడగలిగింది. ఒక స్టిక్ అయితే 3.2 జీబీ, జోడీ వేస్తే 6.4 జీబీ. అందుకే 512 ఎంబీ స్టిక్ ఒకటి అడిగినవాళ్లకి 256 ఎంబీవి రెండు ఇవ్వడం మొదలుపెట్టాం. బయాస్‌లో గ్రాఫిక్స్ మెమరీ పెంచమని కొందరు పట్టుబట్టేవాళ్లు. అలా పెంచితే ఆట మొదలయ్యేముందు చేసే తనిఖీలో గట్టెక్కవచ్చు కానీ, వేగం పెద్దగా పెరిగేది కాదు.

ఇక వైస్ సిటీ సంగతి. డిస్‌ప్లే మెనూలో ముందుగా ‘ట్రెయిల్స్’ ఆపేసేవాణ్ణి. అంతకుముందు ఫ్రేమ్ ఛాయను కొత్త ఫ్రేమ్ మీద కలిపి తెరకి ఓ మసక మెరుపు తెచ్చే ఎఫెక్ట్ అది. అందానికే తప్ప ఆటకి అక్కర్లేదు. అది ఆపగానే కుర్రాడి ముఖం విప్పారేది. తర్వాత డ్రా డిస్టెన్స్ తగ్గిస్తే దూరపు భవంతులు ఆలస్యంగా కనబడతాయి, బండి మాత్రం సాఫీగా పోతుంది. ఆఖరికి రిజల్యూషన్ 640×480. అంటే 3,07,200 పిక్సెళ్లు. 1024×768 అయితే 7,86,432 గియ్యాలి, రెండున్నర రెట్లు. అప్పటి సీఆర్‌టీ మానిటర్లు ఏ రిజల్యూషన్ ఇచ్చినా ఇంచుమించు సమంగా చూపించేవి. ఎల్‌సీడీలు వచ్చాక వాటి సొంత రిజల్యూషన్ కంటే తగ్గిస్తే బొమ్మ అలుక్కుపోవడం మొదలైంది.

కొన్ని ఆటలు అసలు తెరుచుకునేవే కావు. 2003లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా కొత్త ఆట, తక్కువ రకం కార్డుల్నే గుమ్మం దగ్గర ఆపేసేది. ఆన్‌బోర్డ్ లెక్కలోకే రాదు. త్రిమితీయ ఆకారాల లెక్కలు చేసే భాగం, అంటే టీ అండ్ ఎల్, 845జీ, 865జీ చిప్‌లలో లేదు. త్రీడీ అనలైజ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ‘ఇక్కడ ఆ భాగం ఉంది’ అని ఆటను నమ్మించి, ఆ లెక్కలు ప్రాసెసర్ చేత చేయించేది. దాంతో కొన్ని ఆటలు తెరుచుకునేవి, కొన్ని నత్తనడక నడిచేవి. 2004 నాటి 915జీలో పిక్సెల్ షేడర్లు వచ్చినా ఆకారాల (వెర్టెక్స్) లెక్కలు ప్రాసెసర్ మీదే పడ్డాయి.

ఎండాకాలంలో ఇంకో ఫిర్యాదు వచ్చేది: మొదట బాగా ఆడి, కాసేపటికి స్లో అవుతోందని. క్యాబినెట్ తెరిస్తే హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుని ఉండేది. వేడి హద్దు దాటితే పెంటియం 4 తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. బ్రష్షుతో దులిపి, ఎండిన థర్మల్ పేస్టు గీకేసి కొత్తది రాస్తే ఆట మళ్లీ దారిలో పడేది.

2010లో ఇంటెల్ గ్రాఫిక్స్‌ని ప్రాసెసర్ ప్యాకేజీలోకి తెచ్చింది, 2011లో శాండీబ్రిడ్జ్‌తో ఒకే సిలికాన్ ముక్క మీద కలిపేసింది. అదే ఏడాది ఏఎండీ లానో వచ్చింది. 2018లో రైజెన్ 2200జీ వచ్చేసరికి ఆన్‌బోర్డ్‌ని చిన్నచూపు చూసే రోజులు పోయాయి. అయినా దానికి కూడా ర్యామ్ జోడీగా వేస్తేనే సత్తా బయటపడుతుంది. చిప్ ఎన్ని మెట్లెక్కినా ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ ర్యామ్‌ని పంచుకోవడం మాత్రం మానలేదు.

కాబట్టి ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే అమ్మేయకముందు రెండో ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉందేమో చూడండి. ఉంటే లోపలున్న స్టిక్‌కి సరిజోడు వెయ్యండి. దుమ్ము దులిపి పేస్టు మార్చండి, డ్రైవర్ అప్‌డేట్ చెయ్యండి, ఆటను 1280×720కి దించండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి ఆడండి. ఎస్ఎస్‌డీ వేస్తే ఆట త్వరగా లోడవుతుంది, ఫ్రేములు మాత్రం పెరగవు. ఖర్చుపెట్టే మొదటి రూపాయి ర్యామ్ మీదే పెట్టండి.