పాల పళ్లు: గార వేరు, పుచ్చు వేరు

మన పావగడ తాలూకా బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని అందరికీ తెలిసిందే. అందుకే పిల్లల పళ్లపై ఏ మచ్చ కనిపించినా నీళ్ల దోషమని వదిలేస్తున్నారు. అది సరికాదని మా మనవి.

ఫ్లోరైడ్ గార ముఖ్యంగా ఆరేళ్ల తర్వాత వచ్చే శాశ్వత పళ్లలో కనబడుతుంది. మూడేళ్ల బిడ్డకు పై ముందరి పళ్లు చిగురు దగ్గర సున్నపు గీతలా తెల్లబడి, తర్వాత గోధుమరంగు తిరిగి గుల్లవుతుంటే అది పుచ్చు.

దీనికి పెద్ద కారణం తీపి పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చడం. నిద్రలో లాలాజలం తగ్గుతుంది. పళ్లకు అంటిన తీపిని నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మార్చి, పంటి పైపొరను కరిగిస్తాయి. భోజనంతో తిన్న ఒక లడ్డు కంటే గంటకొకటి చొప్పున ఇచ్చే బిస్కెట్టు ఎక్కువ చెరుపు. మనవళ్లను అంగడికి పిలుచుకుపోయే తాతలకు ఈ మాట రుచించకపోవచ్చు! తల్లి నోట్లో పుచ్చు ఉంటే, ఆమె ఎంగిలి చెంచాతో ఆ సూక్ష్మజీవులు బిడ్డకూ చేరతాయి.

"ఎటూ ఊడేవే కదా" అంటారు. పాల దవడపళ్లు పది, పన్నెండేళ్ల వరకు ఉండాలి. అవి పుచ్చితే బిడ్డ నమలలేడు, చీము పడుతుంది.

మొదటి పన్ను వచ్చిన రోజు నుంచే పెద్దలే తోమాలి. మూడేళ్లలోపు బియ్యపుగింజంత, ఆపైన ఆరేళ్ల వరకు బఠాణీగింజంత పేస్టు చాలు. మన నీళ్లకు ఏ పేస్టు తగునో దంతవైద్యుణ్ణి అడగండి. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు. తెల్లగీత దశలోనే చూపిస్తే, వార్నిష్ పూసి చాలావరకు ఆపగలరు.