చైన్‌సా: ఇంజిన్ వేగం, గొలుసు పదును

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల్లో సర్కారు తుమ్మ, జామాయిల్ వంటి చెట్లను నరకడానికి పనికొచ్చే పెట్రోలు రంపం చైన్‌సా. ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కడం వంటి సున్నితమైన పనికి ఇది తగదు. ఆ పనికి చేతి పనిముట్లే మేలు.

దీని టూ స్ట్రోక్ ఇంజిన్ ఖాళీగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 2,500 నుంచి 3,000 సార్లు తిరుగుతుంది. ఆ వేగంలో గొలుసు కదలకూడదు. కదిలితే ప్రమాదం, వెంటనే కార్బురేటర్ సరిచేయించాలి. వేగం పెరిగాక క్లచ్ పట్టి గొలుసు తిరుగుతుంది. చాలా యంత్రాల గరిష్ఠ వేగం నిమిషానికి 12,000 నుంచి 14,000 చుట్లు. దాన్ని ఇంకా పెంచాలని గాలితో కలిసే పెట్రోలు పాలు తగ్గిస్తే ఇంజిన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది.

కోత నెమ్మదించినప్పుడు ఎక్కువసార్లు తప్పు ఇంజిన్‌ది కాదు, గొలుసుదే. పదునున్న గొలుసు చెక్కను పెచ్చులుగా లేపుతూ తనంతట తానే లోపలికి దిగుతుంది. మొద్దుబారితే సన్నని పొట్టు రాలుతుంది, మనిషి బలంగా అదమాల్సి వస్తుంది. ఒక్కసారి మట్టికో రాయికో తగిలినా పదును పోతుంది.

గొలుసుకు తగిన గుండ్రటి ఆకురాయిని సాధారణంగా 30 డిగ్రీల కోణంలో, లోపలి నుంచి బయటికి మాత్రమే తోయాలి. పళ్లన్నీ ఒకే పొడవుండాలి. లేకుంటే కోత పక్కకు పోతుంది. పదును పెట్టే ముందు ఇంజిన్ ఆపి, చేతులకు తొడుగులు వేసుకోండి.