బోట్ మెయిల్ దారి

మద్రాసు ఎగ్మూరులో కొన్న ఒకే టికెట్టుతో కొలంబో దాకా వెళ్లగలిగిన కాలం ఒకటుంది. 1914 ఫిబ్రవరిలో పాంబన్ రైలు వంతెన తెరిచాక ఆ ఏర్పాటు కుదిరింది. రైలు రామేశ్వరం దీవి కొసన ఉన్న ధనుష్కోటి రేవుకట్ట దాకా వచ్చి ఆగేది. దిగినవాళ్లు స్టీమరెక్కి సుమారు 35 కిలోమీటర్ల సముద్రం దాటితే అవతల సిలోన్ (నేటి శ్రీలంక) తీరాన తలైమన్నార్‌లో కొలంబో రైలు అందేది. జనం దీన్ని బోట్ మెయిల్ అన్నారు. రామేశ్వరం వెళ్లే తెలుగు యాత్రికులు నేటికీ రైల్లో పాంబన్ దాటేది ఆ దారినే.

ఇప్పుడు కొలంబోకు విమానముంది. అయినా ఓడే మేలనేవాళ్లు మామూలుగా చెప్పే కారణం నెమ్మది. అది చాలదు. అంతకుముందు తూత్తుకుడి నుంచి కొలంబోకు రాత్రంతా సాగే స్టీమరు ఉండేది. నెమ్మదే సుఖమైతే ధనుష్కోటి దారి అవసరమే వచ్చేది కాదు. బోట్ మెయిల్ ఇచ్చిన అసలు సుఖం దారి తెగకపోవడం. పట్టాలు, వంతెన, ఇసుక దిబ్బల మధ్య లోతు తక్కువ సముద్రం, మళ్లీ పట్టాలు: ఒకదాని కొస మరొకదానికి అందుతూ వస్తాయి. ఈ దారికోసమే 1913లో కర్జన్, ఎల్గిన్, హార్డింజ్ అనే మూడు టర్బైన్ స్టీమర్లు కట్టించారు. ధనుష్కోటికి మదురై కన్నా తలైమన్నారే ఎంతో దగ్గరన్న సంగతి వాటిలో వెళ్లినవాళ్లకు పటం చూడకుండానే అర్థమయ్యేది. చెన్నై నుంచి గంటకు పైచిలుకు ఎగిరి కొలంబోలో దిగినవాళ్లకు ఆ ఇరుగుపొరుగుతనం తెలిసే వీల్లేదు. రెండు దేశాల మధ్య దూరం ఎంతో, అది ఎలాంటిదో ఒంటికి తెలియడం చిన్న సంగతి కాదు.

ఈ మాటకు గట్టి అభ్యంతరమే ఉంది. ఆ దారిన వెళ్లినవాళ్లలో సిలోన్ తోటల కూలీలు లెక్కకు మిక్కిలి. వాళ్లను పాంబన్ వంతెనకు ఇవతల మండపం క్యాంపులో ఆపి, వైద్య పరీక్షలు చేసి గానీ పంపేవారు కాదు. 1964 అక్టోబరులో రెండు దేశాల ప్రధానుల మధ్య కుదిరిన సిరిమావో-శాస్త్రి ఒప్పందం తోటల జనంలో 5,25,000 మందిని భారతదేశానికి పంపాలని తేల్చాక, పుట్టిన నేలను వదిలి ఈ సముద్రాన్నే దాటి వచ్చిన కుటుంబాలు ఎన్నో. వాళ్లకు ఓడ ప్రయాణం ఆనందమని అనడం క్రూరత్వం. అయితే ఆ దుఃఖానికి మూలం ఓడ కాదు. కూలి పద్ధతి, 1948లో వాళ్లకు పౌరసత్వం లేకుండా చేసిన సిలోన్ చట్టం. ఇష్టపడి బయలుదేరినప్పుడే ఏ ప్రయాణమైనా సుఖం. విమానానికీ ఆ షరతు తప్పదు.

ప్రమాదం మాటేమిటని అడగవచ్చు. 1964 డిసెంబరు 22 రాత్రి తుఫాను ధనుష్కోటిని తుడిచిపెట్టింది. ఊరికి చేరుకుంటున్న రైలు ప్రయాణికులతో సహా కొట్టుకుపోయింది. అయినా స్టీమరు రామేశ్వరం రేవుకు మారి నడిచింది. 1980లలో దాన్ని ఆపింది సముద్రం కాదు, లంకలో యుద్ధం. 2023 అక్టోబరులో నాగపట్నం నుంచి శ్రీలంకలోని కాంకేసంతురైకి ఓడ మొదలైంది గానీ, ఈశాన్య రుతుపవనాలు రాగానే కొద్దిరోజులకే ఆగి, మళ్లీ 2024 ఆగస్టులో కదిలింది. ఫలానా రోజుకు చేరి తీరాల్సినవాళ్లు విమానమే ఎక్కాలి, అందులో వాదన లేదు. అలాంటి తొందర లేనివాళ్లకు పాత దారి ఎందుకు మూసి ఉండాలన్నదే ప్రశ్న. తలైమన్నార్ రైలుమార్గాన్ని 2015లో పునరుద్ధరించారు. పాంబన్‌లో కొత్త వంతెన 2025 ఏప్రిల్‌లో తెరుచుకుంది. పట్టాలు రెండు ఒడ్లకూ చేరాయి. కావలసింది రామేశ్వరం నుంచి తలైమన్నార్‌కు ఓడ.