తోలుతిత్తి నుంచి రబ్బరు పడవ దాకా

హైదరాబాదు పాతబస్తీకి పడవ నీటి దారిన రాదు, లారీ మీద వస్తుంది. చాప చుట్టలా చుట్టిన మందపాటి రబ్బరు గుడ్డను రోడ్డు మీద దింపి, విప్పి, పంపుతో గాలి కొడతారు. పావుగంట, ఇరవై నిమిషాల్లో ఎనిమిది పది మంది పట్టే పడవ లేచి నిలబడుతుంది. వెనుక పలకకు ఇంజను బిగిస్తే మోటారు బోటు, తెడ్లు చేతికిస్తే మామూలు పడవ. పత్రికలు దీన్ని రబ్బరు బోటు అంటాయి. చేసే పనిని బట్టి చూస్తే గాలి పడవ అన్న మాటే బాగా అతుకుతుంది. వరదల పుణ్యమా అని ఈ వస్తువు పాతబస్తీ జనానికి పరిచయమైంది గాని, దీని పూర్వీకులు దక్కనుకు కొత్త కాదు.

హైదరాబాదుకు సొంత పడవల చరిత్ర లేదు. మూసీ పడవలు నడిచే నది కాదు. ఎండాకాలంలో బండరాళ్ల మధ్య సన్నటి పాయ, వానాకాలంలో ఒక్కసారిగా ఉరికే ప్రవాహం. అందుకే నగరం పుట్టకముందే వంతెన పుట్టింది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో 1578లో పురానాపూల్ కట్టారు. చార్మినార్ లేచింది ఆ తర్వాత 13 ఏళ్లకు, 1591లో. ప్రియురాలి కోసం యువరాజు వరదలో మూసీ దాటబోయాడని, తండ్రి భయపడి వంతెన కట్టించాడని చెప్పుకునే కథ అందమైనదే గాని, గోల్కొండ కోటను తూర్పు బాటలతో కలపడానికి ఏ రాజైనా అక్కడ వంతెన కట్టేవాడే.

పెద్ద నదుల దగ్గర సంగతి వేరు. కృష్ణ, తుంగభద్రల మీద వంతెన కట్టడం ఆ రోజుల్లో తేలిక కాదు, కాబట్టి పుట్టి తప్పలేదు. వెదురు బద్దలతో పెద్ద గుండ్రటి బుట్ట అల్లి, బయట తోలు కప్పితే అదే పుట్టి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్ర మీద ఈ పడవలను వర్ణించాడు. పదిహేను ఇరవై మందిని మోస్తాయని, అవసరమైతే గుర్రాలనూ ఎద్దులనూ దాటిస్తాయని, తిన్నగా పోలేక గిరగిరా తిరుగుతాయని రాశాడు. వజ్రాల వ్యాపారి టావెర్నియే కూడా 17వ శతాబ్దంలో ఎద్దు తోలు కప్పిన బుట్టల్లో నది దాటిన తీరు చెప్పాడు. ధాన్యం కొలతకూ తెలుగులో పుట్టి అనే పేరుండటం వల్ల పాత కాగితాల్లో ఏది కొలతో ఏది పడవో సందర్భం చూసి తేల్చుకోవాలి. పుట్టిలో గమనించాల్సిన గుణం తేలిక. ఏరు దాటాక చిన్న పుట్టిని ఒక్కడే బోర్లించి నెత్తిన పెట్టుకుని నడుస్తాడు. మోసుకుపోగల పడవ అన్న ఆలోచన దక్కనులో అప్పటికే పాతబడింది.

దానికి గాలి జోడైతే మిగతా సగం పూర్తవుతుంది. గాలి ఊదిన తోలుతిత్తి మీద ఏరు దాటడం మనిషి ఎరిగిన అతి పాత ఉపాయాల్లో ఒకటి. క్రీస్తుకు పూర్వం 9వ శతాబ్దపు అస్సిరియా శిల్పాల్లో సైనికులు తిత్తులను పొట్ట కింద పెట్టుకుని ఈదుతూ కనిపిస్తారు. పంజాబు, హిమాలయ ప్రాంతాల నదుల మీద గాలి నింపిన పశువుల తోళ్ల వాడకం మొన్నమొన్నటిదాకా సాగింది. 1539లో చౌసా యుద్ధంలో ఓడి గంగలో పడిన హుమాయూన్‌ను ఒక భిస్తీ తన మషక్‌లో గాలి నింపి ఒడ్డు చేర్చాడు. అతని పేరు నిజాం. హైదరాబాదు నిజాములకూ అతనికీ సంబంధం లేదు గాని, పాతబస్తీలో ఈ కథ చెబితే శ్రోతలు ఒకసారి నవ్వక మానరు. మషక్ అంటే నీళ్లు మోసే మేక తోలు సంచి. కుళాయిలు రాకముందు ఇక్కడి ఇళ్లకు నీళ్లు మోసినవాళ్లూ భిస్తీలే. నీళ్లు నింపితే మషక్, గాలి నింపితే తెప్ప.

తోలు పడవకూ గాలి పడవకూ మధ్య ఒక మనిషి అనుకోకుండా వంతెనలా నిలుస్తాడు. బ్రిటిష్ సేనాని ఆర్థర్ వెల్లెస్లీ 1799లో టిప్పు సుల్తాను మీద యుద్ధానికి వెళ్లినప్పుడు అతని వెంట నిజాం సైన్యం ఉంది. దాన్ని నడిపినవాడు మీర్ ఆలం. శ్రీరంగపట్నం పతనంలో తన వాటాకు వచ్చిన సొమ్ముతో మీర్ ఆలం హైదరాబాదు దక్షిణాన చెరువు కట్టించాడని చెబుతారు. వరసగా 21 కమానులతో ఉన్న ఆ ఆనకట్ట పని 1804లో మొదలై 1806లో ముగిసింది. ఇప్పుడు జంతుప్రదర్శనశాల పక్కన కనిపించే చెరువు అదే. వెల్లెస్లీ మాత్రం 1803 మరాఠా యుద్ధంలో వానాకాలపు నదులు దాటడానికి బుట్ట పడవలు సిద్ధం చేయించాడు. వాటిని ఎలా అల్లాలో, తోలు ఎలా కప్పాలో ఉత్తర్వుల్లో రాసి పంపాడు. అదే మనిషి వెల్లింగ్టన్ డ్యూక్ అయ్యాక, 1839లో, ఇంగ్లండులో గాలి నింపే తెప్పలను పరీక్షింపజేశాడు. దక్కను నదులు అతనికి గుర్తొచ్చి ఉంటాయని ఊహించడం తప్పు కాదు.

ఆ కాలపు చిక్కు రబ్బరుది. పచ్చి రబ్బరు ఎండకు జిగురులా అంటుకుంటుంది, చలికి పెళుసవుతుంది. హైదరాబాదు మే నెలలో అలాంటి పడవను చుట్టి పెడితే మళ్లీ విప్పడం కల్ల. గంధకం కలిపి వేడి చేసి రబ్బరును గట్టిపరిచే పద్ధతిని అమెరికాలో గుడ్‌ఇయర్, ఇంగ్లండులో హాన్‌కాక్ 1840ల్లో ఖాయం చేశారు. ఆ దశకంలోనే బ్రిటిష్ నౌకాదళపు లెఫ్టినెంట్ పీటర్ హాల్కెట్ ఒక వింత పడవ చేశాడు. తొడుక్కుంటే కోటు, గాలి ఊదితే పడవ, గొడుగు విప్పితే తెరచాప. నౌకాదళం నవ్వి ఊరుకుంది. ఆర్కిటిక్ యాత్రికుడు జాన్ రే మాత్రం దాన్ని తీసుకెళ్లి బాగా వాడుకున్నాడు.

అలాంటి పడవలు నగరానికి ఇంకా అందని కాలంలో మూసీ దాని మీద పడింది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. పరీవాహక ప్రాంతంలోని 788 చెరువుల్లో 221 తెగాయి. ఒకదాని నీరు ఇంకోదాని మీద పడే గొలుసుకట్టు చెరువులు కాబట్టి, పైది తెగితే కిందిది ఆగదు. వంతెనలు కొట్టుకుపోయాయి, పురానాపూల్ దెబ్బతిన్నా నిలిచింది. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు సుమారు 150 మందిని కాపాడింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఆ చెట్టును జనం ఇప్పటికీ చూపిస్తారు. మరుసటి ఏడు, 1909లో, ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరదకు అడ్డుకట్ట పడింది, కుళాయిల్లో నీళ్లు వచ్చాయి, భిస్తీల మషక్‌కు పని తగ్గింది.

విశ్వేశ్వరయ్య హైదరాబాదు వచ్చిన 1909లోనే అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ పడవ వెనుక తగిలించే ఇంజను అమ్మకం మొదలుపెట్టాడు. పాతికేళ్ల తర్వాత, 1934లో, ఫ్రాన్సులో విమాన బెలూన్లు చేసే జోడియాక్ సంస్థలో పియెర్ దెబ్రూతెల్ గాలి పడవను తయారు చేశాడు. రెండు పక్కలా లావాటి గొట్టాలు, వెనుక ఇంజనుకు చెక్క పలక ఉండే ఇప్పటి ఆకారం అక్కడే రూపు దిద్దుకుంది. రెండో ప్రపంచయుద్ధం ఈ రకం పడవలను సైన్యాల సామానులో చేర్చింది. జనానికి నమ్మకం కలిగించింది అలెన్ బొంబార్ అనే వైద్యుడు. నాలుగున్నర మీటర్ల జోడియాక్‌లో 1952 అక్టోబరులో కెనరీ దీవుల నుంచి ఒంటరిగా బయలుదేరి, 65 రోజులకు అట్లాంటిక్ దాటి బార్బడోస్ చేరాడు.

దీని గుట్టు గదుల్లో ఉంది. గొట్టం బయటికి ఒకటిగా కనిపించినా లోపల అడ్డగోడలతో మూడు, నాలుగు, ఐదు గదులుగా చీలి ఉంటుంది. ఇనుప ఊచ గుచ్చుకుని ఒకటి ఖాళీ అయినా మిగతావి పడవను తేలుస్తాయి. గాలి ఒత్తిడి కూడా తక్కువే, కారు టైరులో పదో వంతు ఉంటే చాలు. పంపు నిజానికి కొలిమితిత్తికి తమ్ముడు. చిల్లు పడితే సైకిలు ట్యూబుకు వేసినట్టే గరుకు కాగితంతో రుద్ది, జిగురు పూసి, ముక్క అతికిస్తారు.

పాతబస్తీ గల్లీలో ఇంజనుకు పెద్దగా పని ఉండదు. మోకాలి లోతులో దాని రెక్క నేలకు తగులుతుంది, చీరలు, ప్లాస్టిక్ సంచులు చుట్టుకుంటాయి. ఇంజను పైకెత్తి, ఇద్దరు నీళ్లలో దిగి పడవను తోస్తారు. ముందు నడిచేవాడి చేతిలో కర్ర ఉంటుంది, మూత లేని మ్యాన్‌హోలు ఎక్కడుందో తడిమి చూసుకోవడానికి. పక్కన మునిగిన మోటారు సైకిలు హ్యాండిలు, గేటు మీది బల్లెపు మొనలు, తలకు తగిలే కరెంటు తీగలు. మేడ మెట్ల దగ్గర ఆపి ముందు ముసలివాళ్లను, పిల్లలను దించుకుంటారు. పరదా పాటించే ఇళ్లలో ఆడవాళ్లు బురఖా సర్దుకుని దిగేదాకా తోసేవాళ్లు మొహం పక్కకు తిప్పుకుని ఆగడం ఇక్కడి మర్యాద.

2020 అక్టోబరు 13 రాత్రి ఈ దృశ్యం పాతబస్తీ దక్షిణ అంచు పొడవునా కనిపించింది. బేగంపేటలో 24 గంటల్లో 19 సెంటీమీటర్ల వాన పడింది. పల్లె చెరువు నీరు ఫలక్‌నుమా వైపు అల్ జుబైల్ కాలనీ మీద పడింది. నాలుగు రోజుల తర్వాత బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి, హాఫిజ్ బాబానగర్ మునిగింది. జాతీయ విపత్తు స్పందన దళం, సైన్యం, నగరపాలక సంస్థ సొంత విపత్తు దళం పడవలు దించాయి. అవి చాలక పక్క రాష్ట్రాలను కూడా అడగాల్సి వచ్చింది. 1908లో ముంచింది నది. 2020లో ముంచినవి చెరువులు, వాటి అలుగులకు అడ్డంగా లేచిన ఇళ్లు. చెరువు గర్భంలోని శిఖం భూముల్లో ప్లాట్లు అమ్ముకున్నవాళ్లెవరూ ఆ రోజు పడవ ఎక్కలేదు, కొన్నవాళ్లు ఎక్కారు.

నీరు తీశాక పడవకు ఇంకో పని ఉంటుంది. మురుగు వాసన పోయేలా మంచినీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, మడతలు అంటుకోకుండా పౌడరు చల్లి, గాలి పూర్తిగా తీసి మళ్లీ చుట్ట చుడతారు. తడి ఉండగా చుడితే అతుకులు ఊడిపోతాయి. పుట్టి తోలును కూడా ఇలాగే ఆరబెట్టకపోతే కుళ్లిపోయేది.