వైఫై పెట్టెకు నెలకు ఎన్ని యూనిట్లు?

వైర్‌లెస్ పరికరాలు ఎంత విద్యుత్తు వాడతాయన్న ప్రశ్నకు సగం సమాధానం వాటి అడాప్టరుపైనే ముద్రించి ఉంటుంది. ఇళ్లలోని వైఫై రూటర్లకు సాధారణంగా 12 వోల్టులు, 1 ఆంపియర్ అని కనిపిస్తుంది. గుణిస్తే 12 వాట్లు. అది గరిష్ఠ పరిమితి. వాస్తవ వినియోగం తరచుగా 5 నుండి 10 వాట్ల మధ్య ఉంటుంది. అంటే ఒక ఎల్.ఇ.డి. బల్బుతో సమానం. అయితే బల్బును తెల్లవారగానే ఆర్పుతారు, రూటర్‌ను ఎవరూ ఆర్పరు. 8 వాట్ల రూటర్ రాత్రింబవళ్లు వెలుగుతూ ఉంటే 30 రోజులకు సుమారు 5.8 యూనిట్లు ఖర్చవుతాయి. ఫైబర్ పెట్టె, రూటర్ వేర్వేరుగా ఉన్న ఇంట్లో ఈ లెక్క దాదాపు రెట్టింపు. ఇంటిల్లిపాదీ నిద్రపోయినా రూటర్ తన ఉనికిని తెలిపే సంకేతాన్ని సెకనుకు సుమారు పదిసార్లు పంపుతూనే ఉంటుంది. కనుక వాడకం తగ్గించినందువల్ల ఖర్చు పెద్దగా తగ్గదు, ఆర్పితేనే తగ్గుతుంది. రాత్రి 8 గంటలు ఆర్పితే మూడోవంతు మిగులు.

పట్టుచీరల నేతకు పేరుపొందిన వై.ఎన్.హొసకోట వంటి ఊళ్లలో ఈ ఆరు యూనిట్లు చిన్న విషయం కాదు. కర్ణాటకలో 2023లో మొదలైన గృహజ్యోతి పథకం 200 యూనిట్లను అందరికీ ఉచితంగా ఇవ్వదు. 2022-23 సగటు వాడకంపై 10 శాతం కలిపి ప్రతి ఇంటికీ పరిమితి నిర్ణయించారు. సగటు 50 యూనిట్లున్న ఇంటికి దక్కిన వెసులుబాటు 5 యూనిట్లే. కొత్తగా పెట్టిన రూటర్ ఒక్కటే దానిని దాటిస్తుంది. 48 యూనిట్లలోపు వారికి 2024లో శాతానికి బదులు 10 యూనిట్లు కలపడంతో కొంత ఊరట లభించింది. ఇదే పావగడ తాలూకాలో తిరుమణి పరిసరాలలో 2,050 మెగావాట్ల సౌర పార్కు ఉన్నా, ఇంటి మీటరు లెక్క మాత్రం మారదు.

సరిహద్దు గ్రామాలకు మరొక ఖర్చు ఉంది. అది మీటరులో కనిపించదు, ఫోను బ్యాటరీలో కనిపిస్తుంది. టవర్ దూరమయ్యేకొద్దీ ఫోను తన ప్రసార శక్తిని పెంచుకుంటుంది; దూరం రెట్టింపైతే కనీసం నాలుగింతల శక్తి కావాలి. పైగా కర్ణాటక, ఆంధ్ర టవర్ల సంకేతాలు రెండూ బలహీనంగా అందే చోట ఫోను ఇటూ అటూ మారుతూ, వెతుకుతూ ఛార్జింగును హరిస్తుంది. సెట్టింగులలో నెట్‌వర్క్‌ను స్వయంగా ఎంచుకుంటే ఈ వెతుకులాట తగ్గుతుంది. ఇంట్లో వైఫై ఉన్నవారు వైఫై కాలింగ్ పెట్టుకోవడం మరింత మేలు.

కరెంటు పోయినప్పుడు రూటర్ ఒక్కదాని కోసం పెద్ద ఇన్వర్టర్ నడపడం దండగ. బ్యాటరీ విద్యుత్తును 230 వోల్టులకు పెంచి, అడాప్టరులో మళ్లీ 12కు దించడంలో కొంత వృథా అవుతుంది; ఇన్వర్టర్ సైతం ఖాళీగా ఉన్నప్పుడే కొన్ని వాట్లు తింటుంది. నేరుగా 12 వోల్టులిచ్చే చిన్న యు.పి.ఎస్. మూడు నాలుగు గంటలు నెట్టుకొస్తుంది. కొనేముందు రూటర్ వోల్టేజీ 9నా, 12నా అన్నది తప్పక చూడాలి.